కొర్రీల గుమస్తా

ధ్రువపత్రాల కిటికీ వెనక కూర్చునే గుమస్తాని ఊరంతా కొర్రీల మావయ్య అంటుంది. ఏ దరఖాస్తు ఇచ్చినా కళ్లద్దాలు ముక్కుమీదికి జార్చుకుని, కోడిగుడ్డు మీద ఈకలు పీకి, ఓ కొర్రీ పెట్టి, "సరిచేసుకుని రండి" అని వెనక్కి తోస్తాడు. మధ్యాహ్నం గంట మోగిందా, తలైనా ఎత్తకుండా ఎడమచేత్తో కిటికీ మూసేస్తాడు. మళ్లీ తెరిచేది మర్నాడే. ఆ రోజు కిటికీ ముందుకి ఆయన కూతురే వచ్చింది. ధ్రువపత్రం జతచేసి ఉద్యోగం కాగితాలు ఇవ్వడానికి ఆ సాయంత్రమే ఆఖరి గడువు.

"ఫొటో మీద సంతకం లేదు. చేసుకుని, వరస చివర నిలబడండి" అన్నాడు, కన్నకూతురికీ మర్యాద తగ్గించకుండా.

"నాన్నా, రాత్రి పక్కన కూర్చుని నింపించింది మీరేగా!"

వెనకున్న ముసలాయన, "పోనీ, ముందు అమ్మాయిది చూడండి సార్" అన్నాడు.

"వరసంటే వరసే."

ఆమె సంతకం చేసి, కళ్లు తుడుచుకుంటూ వరస చివరికి నడిచింది. గుమస్తా గోడ గడియారం చూశాడు. ముసలాయన కాగితం లాక్కుని, చదవకుండానే ముద్ర కొట్టాడు. ఆ తర్వాతదీ అంతే. చెమటలు కారుతున్నా టపటపా కొడుతూనే ఉన్నాడు. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆఖరికి కూతురు కాగితం చాపింది. ఆయన కుడిచేత్తో ముద్ర ఎత్తాడు. గంట మోగింది. ఎడమచెయ్యి కిటికీ మూసేసింది.