రేవు తలుపు ఎవరు తీశారు

మా కుటుంబంలో పుస్తకాలను కోస్తాం. వినడానికి బాగుండదని నాకు తెలుసు. మొదలుపెట్టింది మా వదిన, అంటే మా అన్నయ్య భార్య. వాళ్ళు గుడివాడలో ఉంటారు, నేను బందరులో ఉంటాను. ఆవిడ హైస్కూల్లో సోషల్ చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. చరిత్ర పుస్తకాలు తప్ప మిగతావన్నీ కాలక్షేపమనేది. అలాంటావిడకు నేను, జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పుకునేదాన్ని, కాస్త సిగ్గుపడుతూనే ఒక ఫాంటసీ సిరీస్ చదవమని చెప్పాను. ఏడు భాగాలు. ఒక్కొక్కటి ఇటుకంత బరువు.

మొదటి భాగం చూసి, "నా మణికట్లు దీన్ని మోయలేవే" అంది. మర్నాడు బ్లేడుతో దాన్ని మూడు ముక్కలుగా కోసి, దబ్బనంతో కుట్టి, స్కూలు పుస్తకాలకు వేసినట్టు అట్టలు వేసి, ముందు తను చదివి ఒక్కో ముక్కా నాకు పంపడం మొదలుపెట్టింది. గుడివాడ నుంచి రోజూ రైల్లో వచ్చే మా కాలేజీ మేడమ్ ఒకావిడ వాటిని తెచ్చిచ్చేది. కొన్నది నేనే అయినా మొదట చదివేది వదినే. పెద్దదాన్ని కాబట్టి నాదే హక్కు అనేది. నేనింకా చదవని ముక్కలోని సంగతి ఒక్కటంటే ఒక్కటి కూడా నోరు జారేది కాదు.

"పుస్తకాలు కోసే కొంపలో సరస్వతి ఉంటుందా" అని అన్నయ్య గొణిగేవాడు. రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరైన ఆయనకు మా చదువంతా రాక్షసుల గోల.

ఆదివారం పొద్దున్నే వదిన ఫోన్ చేసేది. బాగున్నావా అని అడిగేది కాదు. "ఇప్పుడు ఎక్కడున్నావు?" అనేది. అంటే కథలో ఎక్కడున్నానని. ఆ కథలో ఉప్పునేలల మీద ఒక రాజ్యం, దానికి సముద్రం వైపు ఒక రేవు, రేవుకు గొలుసులు కట్టిన ఇనుప తలుపు. మూడో భాగం చివర ఎవరో లోపలినుంచి ఆ తలుపు తీస్తారు. శత్రువుల ఓడలు వచ్చి ఊరు ఊరంతా నాశనమవుతుంది. తీసిందెవరో ఏడో భాగం దాకా చెప్పరు.

దాని మీద మేం ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నాం. రాణిగారి తల్లే తీసిందని నేను. కాదు, పడవలు కట్టే ముసలాయన అని వదిన. ఆవిడది హంసలదీవి దగ్గర ఊరు. వాళ్ళ నాన్నగారు అక్కడ బడిపంతులు. పడవల వాళ్ళ పిల్లలతో కలిసి చదువుకుంది.

"నీకు రేవు తెలియదు. బందరులో ఉంటావన్న పేరే గానీ సముద్రాన్ని సెలవురోజున చూసే మనిషివి. పడవ కట్టేవాడి చెవిన పడకుండా రేవులో గొలుసు కదలదు" అనేది.

"అంత మంచివాడు ఎందుకు తీస్తాడు వదినా?"

"మంచివాడు కాబట్టే ఏదో బెదిరింపు ఉండి ఉంటుంది. చూస్తూ ఉండు."

నేను ఓడిపోయిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. అయినా వారమంతా ఆ ఫోన్ కోసమే ఎదురుచూసేదాన్ని.

ఆరో భాగంలో మొదటి ముక్క వచ్చింది. అట్ట మీద ఆవిడ గుండ్రటి చేతిరాతలో 'ఒకటి' అని ఉంది. తెరిస్తే లోపల ఉన్నది పుస్తకం చివరి మూడోవంతు. వెంటనే ఫోన్ చేశాను.

"వదినా, ముక్కలు తారుమారయ్యాయి. చివరిది మొదటిదనుకుని అట్ట వేశావు."

"లేదే. నేను చదివే పంపాను. బాగుంది కదూ?"

"మొదటి పేజీలోనే యువరాణి తమ్ముడి అంత్యక్రియలు జరుగుతున్నాయి."

"అవును, పాపం" అంది.

నాకు కోపమే వచ్చింది, దాచుకోవడం ఎందుకు. ఆ పిల్లాడంటే నాకు ప్రాణం. వాడి చావు ఇలా తెలియడం ఏమిటని రుసరుసలాడుకున్నాను. ఆ కోపం చల్లారాక భయం మొదలైంది. మ్యాపులో ఒక్క నది అటు ఇటైతే పేపరు మొహాన కొట్టే టీచరు ఆవిడ. కథ మధ్యలోంచి మొదలైందని ఆవిడకు తెలియలేదా?

ఆ తర్వాత ఆదివారాల్లో నేను చెవులు రిక్కించి వినసాగాను. ఏదైనా అడిగితే వదిన కాసేపు ఆగేది. వెనక ఎవరో సన్నగా మాట్లాడినట్టుండేది. టీవీ అనుకున్నాను. ఒకరోజు, "యువరాణి ఇప్పుడు ఎక్కడ దాక్కుంది వదినా?" అని అడిగాను. "ఉప్పుకోట అను, ఉప్పుకోట" అని అన్నయ్య గొంతు స్పష్టంగా వినబడింది. "ఉప్పుకోటలోనే" అంది వదిన, ధీమాగా.

ఆ తర్వాత ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి గుడివాడ బస్సెక్కాను. చెప్పకుండా వెళ్ళాను. వరండాలో వదిన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఎదురుగా అన్నయ్య, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, ఆరో భాగం రెండో ముక్కను పైకి చదువుతున్నాడు. జన్మలో ఒక్క నవల ముట్టని మనిషి, యుద్ధం ఘట్టాన్ని భూమి రికార్డు చదివినట్టు అక్షరం వదలకుండా చదువుతున్నాడు. నన్ను చూసి, సిగరెట్ దాచుకునే కుర్రాడిలా దాన్ని తొడ కింద పెట్టేసుకున్నాడు. వదిన మాత్రం మామూలుగానే నవ్వి, అన్నం తిందువుగాని రమ్మంది. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ముగ్గురం అలాగే తినేశాం.

సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి అన్నయ్య వచ్చాడు. విజయవాడలో డాక్టరుగారికి చూపించామని, మందులు వాడినా ఈ మతిమరుపు ఆగే జబ్బు కాదన్నారని చెప్పాడు.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. బస్టాండు అని కూడా చూడకుండా గట్టిగానే అన్నాను.

"చెబితే నువ్వు ఆదివారం మీ వదినని ఒంట్లో ఎలా ఉందని అడుగుతావు. ఇప్పుడందరూ అదే అడుగుతున్నారు. నువ్వొక్కదానివే పుస్తకం గురించి అడుగుతావు." నేను బస్సెక్కబోతుంటే, "నీకు తెలిసినట్టు దానికి తెలియనివ్వకే" అన్నాడు.

పెడన దాటేదాకా నాకు అన్నయ్య మీద కోపమే. ఆ తర్వాత, ఆ కథలో పలకడానికి నోరు తిరగని పేర్లన్నీ ఆయన ఎలా బట్టీ పట్టి ఉంటాడో తలుచుకుంటే ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఏడో భాగం కొని పంపాను. ఇంకో కాపీ కొనుక్కుని ముందే చదివేయవచ్చు. మనసొప్పలేదు. వాళ్ళిద్దరూ నిదానంగా చదివారు. ఒక ఆదివారం ఫోన్ ఎత్తగానే వదిన గొంతు పిల్లలా ఎగిరిపడింది.

"రాణిగారి తల్లేనే! నువ్వే గెలిచావు."

నేను చదవబోయే కథను ఎన్నడూ బయటపెట్టని మనిషి ముగింపు చెప్పేసింది. వెనక అన్నయ్య ఏమీ అందించలేదు.

వారం తిరక్కుండా చివరి ముక్క వచ్చింది. కుట్టు వంకరగా ఉంది, అన్నయ్య కుట్టినది. తలుపు తీసింది పడవలు కట్టే ముసలాయనే. ఆయన మనవరాలు శత్రువుల ఓడలో బందీగా ఉంది. అంతా వదిన చెప్పినట్టే. ఫోన్ చేసి, "నేను కాదు వదినా, నువ్వే గెలిచావు. పడవలు కట్టే ఆయనే" అన్నాను.

"అలాగా? ఏ ఊరమ్మా ఆయనది?" అంది మర్యాదగా.

నాకు గెలుపు అక్కర్లేదు. ఆవిడతో పోట్లాడాలని ఉంది. ఇన్నేళ్ళ తర్వాత తన మాటే నిజమైందని ఆవిడ నన్ను నెల్లాళ్ళు ఏడిపించాల్సింది.

అన్నయ్య ఫోన్ తీసుకుని, మొదటి భాగం మళ్ళీ మొదలుపెడుతున్నామని, నా దగ్గరున్న ముక్కలు తిరిగి పంపమని చెప్పాడు. మర్నాడే పంపాను.

మొన్న ఆదివారానికి వాళ్ళు మూడో భాగం చివరికి వచ్చారు. వదిన గొంతులో పాత పౌరుషం. "ఆ రాణిగారి తల్లి మీదే నా అనుమానం. నువ్వేమంటావు?" అంది.

"నాకు పడవలు కట్టే ఆయన మీద అనుమానం. పడవ కట్టేవాడి చెవిన పడకుండా రేవులో గొలుసు కదలదు కదా" అన్నాను.

ఈసారీ అన్నయ్య ఏమీ అందించలేదు.

"బాగా చెప్పావే" అంది వదిన. "సొంతంగా ఆలోచించావా, ఎవరైనా చెప్పారా?"

"మా వదిన అనేది."

"రేవు తెలిసిన మనిషిలా ఉందే," అంది, "ఓసారి మా ఇంటికి తీసుకురా."

తీసుకొస్తానన్నాను.