వ్యాసంలో పోయిన తాత

మార్నీకి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. మోకాలు ఊపుతుంది, హుడీ తాడు కొరుకుతుంది, ఆకలి లేకపోయినా ఫ్రిజ్ తలుపు తీసి చూస్తుంది. హైస్కూలు పిల్లలకు వేసవిలో యూనివర్సిటీ ల్యాబులో పరిశోధన చేసే అవకాశం, వేలమందిలో పాతికమందికే. దరఖాస్తుకు ఈ సాయంత్రమే గడువు. వంటింటి బల్లమీద, దరఖాస్తుతో పంపాల్సిన వ్యాసంతో లాప్‌టాప్ తెరిచే ఉంది. వాకిట్లో మంచు ఎత్తిపోసి వచ్చిన తాత ఆర్విల్ కాఫీ కప్పుతో పక్కన చేరి, కళ్లజోడు సర్దుకుని పైకే చదివాడు:

"తాతయ్య గుండెజబ్బుతో నా చేతుల్లో కన్నుమూసిన రోజే నేను సైంటిస్టును కావాలనుకున్నాను."

మార్నీ మోకాలు ఠక్కున ఆగింది.

"నేనెప్పుడు పోయానే?"

"అందరూ ఇలాగే రాస్తారు తాతా. ఇంట్లో ఎవరో ఒకరు పోకపోతే సీటు రాదు."

"నిజంగా ఎందుకు మొదలైంది నీకీ పిచ్చి?"

ఆమె తాడు కొరికింది. "చిన్నప్పుడు మనం సరస్సు మీది మంచుగడ్డకు రంధ్రం చేసి చేపలు పడుతుంటే, నీళ్లు గడ్డకట్టినా చేప ఎందుకు గడ్డకట్టదని అడిగాను. నువ్వు చెప్పలేకపోయావు."

"ఇప్పటికీ తెలీదు." ఆయన లాప్‌టాప్‌ను ఆమెవైపు తోశాడు. "అదే రాయి. జవాబు వినడానికి నేనుండాలిగా."