జెర్యాల్ వారి యామ

ఆ ఎలుగుబంటి పుర్రె పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు గాని, దాన్ని మట్టిలోంచి తీయించిన మనిషి ఎవరని ఒక్కరైనా అడిగారా? తినడానికి తెరుచుకున్నంత తేలిగ్గా మీ నోళ్ళు అడగడానికి తెరుచుకోవు. పావ్లా జెర్యాల్ సంగతి నేనే చెప్తాను, కూర్చోండి.

పావ్లా రైలు గేటు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. మొగుడు కజిమీర్‌కు గుహల పిచ్చి. మన కొండ కింది గుహలో పాతకాలపు ఎలుగుల ఎముకలు, మనుషులు చెక్కిన రాళ్ళు బయటపడుతుంటే, ఇటు త్రియెస్తె నుంచీ అటు వియన్నా నుంచీ తనలాంటి పిచ్చివాళ్ళను పోగేసి సంఘం పెట్టాడు. ఆయన పోయాక సంఘమూ పడుకుంది. పావ్లా ఏడవలేదు. పొద్దున్నే ఇద్దరికీ కాఫీ కాచేది, ఒకటి తాగేది, ఒకటి పారబోసేది.

చలి ఇంకా పోకముందే వియన్నా నుంచి ఆ సంఘంలోని హెల్గా ప్రొఫెసరమ్మ ఫోన్ చేసింది.

"పావ్లా గారూ, తవ్వేవాళ్ళే లేనప్పుడు సంఘమెందుకు అంటున్నారండీ ఇక్కడ. ఈస్టర్‌లోపు మీ ఊళ్ళో మనుషులు దొరక్కపోతే సంఘం పేరు కొట్టేస్తారు."

"సరే."

"సరే అంటే?"

"వెతుకుతాను."

ఆ పేరు కొట్టేస్తే తనకేమీ అనిపించదని పావ్లాకు తెలుసు. భయమేసిందల్లా అందుకే.

ఇల్లిల్లూ తిరిగింది. పక్కింటి స్రెచ్కో గడపలోంచే అన్నాడు: "చచ్చిన ఎలుగుబంటికి సేవ చేయమంటావా వదినా? బతికున్న పందికే నాకు తీరిక లేదు."

దానిలా అనే ఆవిడ పూటకూళ్ళ ఇంటి గోడకు పలక ఉంటుంది కదా, ఊరి కబుర్లు రాసేది. ఇల్లు మూసి ఉన్న రోజు చూసుకుని, పావ్లా దాని మీద సుద్దతో రాసింది: జెర్యాల్ వారి యామకు మనుషులు కావాలి. శనివారం పొద్దున. భోజనం పెడతాం.

మన మాటలో గుహా యామే, శవాన్ని దించే గొయ్యీ యామే. గొయ్యి తవ్వడానికి ఇరుగుపొరుగే వెళ్ళాలి, కూలి తీసుకోకూడదు, భోజనం పెట్టాలి. ఆ వారమంతా బూర్యా గాలి. అది వీస్తే చావు కబురు చెప్పే చర్చి గంట ఎవరికి వినపడుతుంది? మోగే ఉంటుంది, మనకే తెలియలేదు అనుకున్నారు అందరూ.

శనివారం పావ్లా తలుపు తీసేసరికి గుమ్మం ముందు నల్లకోట్లు, పారలు, గడ్డపారలు. దానిలా చేతిలో కొవ్వొత్తి.

స్రెచ్కో టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "నువ్వు పోలేదా వదినా?"

"లేదు."

"మరి గొయ్యెవరికి?"

"ఎలుగుబంటికి."

ఎవరూ నవ్వలేదు. "ఇప్పుడేం చేస్తాంరా?" అంది దానిలా. గొయ్యి కోసమని బయల్దేరిన పార మట్టి అంటకుండా ఇల్లు చేరకూడదు. చేరితే చావు ఆ ఇంటికే తిరుగుతుంది. ఇది మీకు మూఢనమ్మకం. ఆ పొద్దు వాళ్ళకు కాదు.

"నా దగ్గర ఉన్న యామ అదొక్కటే," అంది పావ్లా. "పదండి."

నల్లకోట్లతోనే గుహలోకి దిగారు. పావ్లా దీపం పట్టి, ఎక్కడ పార వేయొచ్చో, ఎక్కడ చేత్తోనే గోకాలో కజిమీర్ చెప్పినట్టే చెప్పింది. మధ్యాహ్నానికి స్రెచ్కోకు కోర ఒకటి దొరికింది.

"మా అత్తగారిది దీనికంటే పొడుగు," అన్నాడు.

తర్వాత అందరూ పావ్లా ఇంట్లో యోటా పులుసు తాగారు. పుల్లటి క్యాబేజీ ఎక్కువై, బీన్స్ ఉడకలేదని దానిలా మొహమ్మీదే అంది. మళ్ళీ శనివారం కూడా వస్తామని తనే అంది. ఆ కోర తాలూకు మిగతా ఎముకలు వెతకాలని స్రెచ్కో ఆ తర్వాతి వారం కొడుకుల్ని తెచ్చాడు. ఈస్టర్‌కు ముందు హెల్గా వచ్చి, మట్టి కొట్టుకున్న మనవాళ్ళను చూసి, పేరు ఉంచారని చెప్పింది.

"ఇప్పుడైనా సంతోషమేనా?" అని దానిలా అడిగింది.

పావ్లా ఎముకలు కడుగుతోంది. "నీళ్ళు చల్లగా ఉన్నాయి," అంది. "అది తెలుస్తోంది."

ఆ పుర్రె తేలింది మరో రెండు శీతాకాలాలు పోయాక. తర్వాత ఏళ్ళకేళ్ళు ప్రతి శనివారం వెళ్ళారు. ఒక బూర్యా వారంలో పావ్లా నిద్రలోనే పోయింది. దానిలా పలక మీద అవే మాటలు రాసింది. శనివారం అందరూ గుహ పనే అనుకుని గుహ బట్టల్లో, తలకు దీపాలు కట్టుకుని, చేతుల్లో కుంచెలతో వచ్చారు. గొయ్యి తవ్వే పారల కోసం మళ్ళీ ఇళ్ళకు పరిగెత్తారు.

పావ్లాకు అప్పటికి ఎనభై మూడేళ్ళు.