పానీ అన్న కేక

సునామీ మా దీవుల మీద పడి బాంబూఫ్లాట్‌లోని మా ఇంటిని ముంచేసిన కొత్తల్లో, నేనూ పాపా గుట్ట పక్కనున్న ఒక స్కూల్లో, శిబిరంలో ఉండేవాళ్లం. సముద్రంలో చేపల వేటకెళ్లిన మా ఆయన జాడ ఇంకా తెలియలేదు. పిల్లలు కాసేపు దిగులు మరచిపోతారని ఒక సాయంత్రం ఎవరో టీవీ తెచ్చి, సముద్రపు దొంగల సినిమా హిందీలో వేశారు. నేను పాపకి ఎన్నోసార్లు చదివి వినిపించిన నవలే అది.

తెర మీద, దొంగలు దీవిలో వదిలేసి పోయిన నావికుడు ఇసకలో పడి "పానీ! పానీ!" అని అరిచాడు. ఆ రోజుల్లో మాకు ఆ మాటకి ఒకటే అర్థం: సముద్రం మళ్లీ మీదికొస్తోందని. వెనక కునుకు తీస్తున్నవాళ్లు దిగ్గున లేచి, "భాగో! పానీ ఆ గయా! లెగండర్రా!" అని అరిచారు. శిబిరమంతా గుట్ట మీదికి పరుగు తీసింది. నేనూ చేతికందిన చిన్న చెయ్యి పట్టుకుని పరుగెత్తాను. పైకి చేరి చూస్తే అది ఎవరి పిల్లో!

"ఓలమ్మో, నా పిల్లేదర్రా!" అని గుండెలు బాదుకుంటూ వెనక్కి దిగాను. సముద్రం ఎదురొస్తోందనే అనుకుంటూ దిగాను.

ఖాళీ గదిలో పాప ఒక్కతే టీవీ ముందు కూర్చుని ఏడుస్తోంది. "ఆయన మంచినీళ్లు అడిగాడమ్మా. ఎవులూ ఇయ్యకుండా పారిపోనారు" అంది.

మా ఆయన తిరిగి రాలేదు. దీవుల్లో అందరూ పానీ అనే అంటారు. మా ఇంట్లో మాత్రం మంచినీళ్లు అనే అడుగుతాం. నీళ్లకి ముందు ఆ 'మంచి' వినబడకపోతే నాకు ఇప్పటికీ గ్లాసు అందుకోబుద్ధి కాదు.