మా కొట్ల పటం, గోదాము గుమ్మంలో మనిషి

ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ (సంస్థలో పనులు ఎట్లా నడవాలో సర్దే విద్య) అంటే ఒక బొమ్మ అనీ, అది యజమానులు గీయించుకునేదనీ ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. వాళ్లను చూసి నేను నవ్వలేను. ఆ పేరు తెలియని ఎనభైలలో, జహీరాబాద్‌లో, నేనూ అదే అనుకుని దానికి బేరం కూడా ఆడాను.

మాకు ట్రాక్టరు సామాన్ల కొట్లు రెండు, వెనక ఒక గోదాము. ఒక కొట్టు నాన్నది, ఒకటి నాది. పని ఎట్లా నడుస్తోందో చూసి, పటం గీసి, సర్దిపెట్టే ఒకాయన్ని హైదరాబాద్ నుంచి పిలిపించాను. పదిహేను రోజులుండి అందరితో మాట్లాడాలన్నాడు. రెండుసార్లు లేచి వెళ్లబోయినట్టు నటించి నాలుగు రోజులకు దించాను. పైగా యజమానులతోనే మాట్లాడాలని షరతు పెట్టాను. నాలుగో రోజు పటం వచ్చింది. పైన నాన్న, పక్కన నేను. అద్దం కట్టించి తగిలించాను.

గోదాము గుమ్మంలో కూర్చునే ముసలాయన అందులో ఎక్కడా లేడు. అదీ లాభమే అనిపించింది. రైతులతో ముచ్చట్లు తప్ప ఆయన చేసేదేముందని పనిలోంచి మాన్పించాను.

అవి చెరకు తోలే రోజులు. ఆయన్ని మాన్పించిన మూడో రోజే న్యాల్‌కల్ రైతు ఒకతను తువ్వాలలో విరిగిన ట్రాక్టరు ముక్క తెచ్చి నా ముందు పెట్టాడు. చెయ్యి ఏ అర వైపు చాపాలో నాకు తెలియలేదు. ఇన్నాళ్లూ రైతులు ముందు గోదాముకే వెళ్లేవారు. ముసలాయన ముక్కను తడిమి, దానికి గుడ్డ పేలిక కట్టి పంపేవాడు. ఎర్రదైతే నాన్న కొట్టు, నీలిదైతే నాది. ఎన్ని ముడులుంటే అన్నో అర. పదేళ్లు ముడులు చూసి సామాను తీసిస్తూ, వ్యాపారం నాకు వచ్చనుకున్నాను. గాభరాగా నాన్న దగ్గరికి పరిగెత్తాను. ఆయనా ముడులు చూసే తీసిచ్చేవాడు.

వారంలో గిరాకీ పల్చబడింది. ముసలాయన ఇంటికి వెళ్లి, తిరిగి రమ్మన్నాను. జీతం పెంచుతానన్నాను. పటం మళ్లీ గీయించి, పై వరుసలోనే పెట్టిస్తానన్నాను.

“పటంల నేనెందుకు సేటూ? గా పట్నపాయన నా ముంగట్నే నాలుగు దినాలు తిరిగిండు. ఏం జేస్తవని ఒక్కపారి అడిగితే చెప్పకపోతునా?”

అడగొద్దన్నది నేనేనని ఒప్పుకున్నాను.

“మీ ఎదురు దుకాణం సేటు మొన్న వచ్చిండు. పొద్దంత కూసొని నా పనంత అడిగిండు. రేపట్నుంచి ఆడికే పోత.”

అంతటి బేరగాణ్ణి, ఆ సేటు కూర్చున్న పొద్దంతటికీ ఏం ధర చెప్పాలో తోచక, చెప్పులు వెతుక్కున్నాను.