గోడ మీది పన్నెండు శాతం

మా గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే రావాలి. జనగామలో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలంతా మా దగ్గరే ఉంటారు. వాళ్లు పుస్తకంలోంచి తలెత్తరు, నన్నేమీ అడగరు. పదిహేనేళ్లుగా అక్కడ పనిచేసి పనిచేసి, నన్నేమీ అడగని పాఠకుడే మంచి పాఠకుడనే అభిప్రాయానికి వచ్చేశాను.

కిందటేడు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. చిన్న వ్యాపారులకు డబ్బు సంగతులు తెలిసేలా గ్రంథాలయంలో ఒక మూల ఏర్పాటు చేయాలి, ఫొటో తీసి పంపాలి. పైవాళ్లకు ఆ ఫొటో ఒక్కటే కావాలని నాకు తెలుసు. రెండు బల్లలు జరిపి, పొదుపు మీద, వ్యాపారం మీద ఉన్న నాలుగు పుస్తకాలు దుమ్ము దులిపి పెట్టాను. గోడకు పెద్ద చార్టు అంటించాను. నా చేతిరాత బాగుంటుందని నాకు కాస్త పొగరు. ‘చిన్న వ్యాపారాలకు బ్యాంకు రుణం – వడ్డీ 12 శాతం’ అని ఎర్ర స్కెచ్‌పెన్నుతో ముత్యాల్లా రాశాను. ఫొటో బాగా వచ్చింది.

వారం తిరక్కముందే ఒకామె వచ్చింది. సాయంత్రాలు చౌరస్తాలో జొన్న రొట్టెలు చేసి అమ్ముతుంది. నేను కొడకండ్ల బస్సు ఎక్కడానికి వెళ్లే దారిలోనే ఆమె పొయ్యి. చేతులకు పిండి అంటుకుని ఉంది. ఎక్కడ పేపర్లు ముట్టుకుంటుందోనని నేను ఆ చేతులే చూస్తున్నాను. ఆమె చార్టు ముందు నిలబడి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఇంట్లోనే పిండి పట్టే గిర్ని పెట్టుకుంటే నాలుగు డబ్బులు మిగులుతాయట. దానికి యాభై వేలు కావాలట.

“సారూ, గీ పన్నెండంటే నూటికి పన్నెండు రూపాలేనా?”

“శాతమంటే నూటికే గదా. సదువొస్తది గదా, సూస్కో,” అన్నాను, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా.

“అమ్మో, గంతనా!” అని వెళ్లిపోయింది. పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను.

మా వైపు వడ్డీని మిత్తి అంటారు, అది నెల లెక్క. రెండు రూపాయల మిత్తి అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. బ్యాంకువాళ్లు రాసేది ఏడాది లెక్క. వాళ్ల పన్నెండు మా లెక్కలో ఒక్క రూపాయి. ఈ సంగతి నాకు తెలియక కాదు. మా బాపు ఏటా పత్తి విత్తనాలకు మిత్తికి తెచ్చేవాడు. నాకు ఉద్యోగం వచ్చాక, బ్యాంకు లెక్క వేరని ఆయనకు విడమరిచి చెప్పింది నేనే. ఆమెకు చెప్పడానికి నిమిషం పట్టేది కాదు.

నాలుగు నెలల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది, నవ్వుకుంటూ. కాగితంలో చుట్టిన రొట్టెలు నా బల్ల మీద పెట్టింది.

“గిర్ని వెట్టిన సారూ. మీ గోడ మీద సూడకపోతే బ్యాంకుకే పోదును. మా గల్లీల ఒకాయన రెండు రూపాల మిత్తికే ఇచ్చిండు. పన్నెండేడ, రెండేడ!”

నేను కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పాను. “కడుతున్నవా మరి?”

“జర కష్టంగనే ఉంది. మిత్తి కోసమని పొద్దుగాల సుత పొయ్యి ముట్టిస్తున్న. అయినా బ్యాంకు కంటె నయమే గదా?”

అవునన్నట్టు నవ్వాను. ఛీ, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. రొట్టెలు తీసుకున్నాను, మధ్యాహ్నం తిన్నాను కూడా. ఆమె వెళ్లగానే చార్టు చింపేశాను. ఎవరైనా చూస్తారేమోననే భయంతోనే చింపాను, ఇంకే మంచి ఉద్దేశమూ లేదు.

మూడు రోజులు బస్టాండుకు వేరే దారిన వెళ్లాను. నాలుగో రోజు ఉండబట్టలేక ఆమె పొయ్యి దగ్గరికి పోయి, పీట మీద కూర్చుని, కాగితం మీద రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూపించాను. అప్పును ఇప్పుడైనా బ్యాంకుకు మార్చుకోవచ్చేమో అడుగుదాం, నేను వెంట వస్తానన్నాను. ఆమె కాగితం మీద వేలు పెట్టి ఒక్కో అంకె చదివింది. పెనం మీద రొట్టె మాడుతున్నా తిప్పలేదు.

“అంటే డబల్ కడుతున్న.”

“అవునక్కా.”

“గప్పుడు నిన్ను అడిగితి గద సారూ. గప్పుడు నీకు ఎర్కనా గీ లెక్క?”

ఎరుకే అక్కా, చెప్పడానికి బద్ధకమైంది అనాలి. నోటిదాకా వచ్చింది. రొట్టెల కోసం నిలబడ్డ ఇద్దరు నా మొహం వైపే చూస్తున్నారు.

“లేదక్కా. నాకు సుత మొన్ననే తెలిసింది,” అన్నాను.

ఆమె మాడిన రొట్టె తీసి పక్కన పడేసింది. ఇంకో పిండి ముద్ద చేతిలోకి తీసుకుంది.

“పోనీ తియ్ సారూ. తెల్వకపోతే నువ్వేం జేస్తవ్? ఎర్కుంటే జెప్పకపోదువా?”

నేను తలూపాను.