ఫోన్ ఎత్తని అమ్మాయి

మా కంపెనీ చిన్నది. రాయదుర్గం మెట్రో దిగి కాస్త నడిస్తే వచ్చే టవర్‌లో సగం అంతస్తు మాది. మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకోవడం నా పని. చాలాకాలం దానికి పెద్దగా కష్టపడింది లేదు. ఖాళీ వస్తే టీమ్‌లో ఎవరో ఒకరు రూమ్‌మేట్ గురించో బావమరిది గురించో చెప్పేవారు. అలా వచ్చినవాళ్ళు బాగానే పనిచేసేవారు. కాకపోతే కొన్నేళ్ళకి ఆఫీసులో సగంమంది ఒకే కాలేజీవాళ్ళు, నాలాగే కూకట్‌పల్లి నుంచి వచ్చేవాళ్ళు అయిపోయారు. ఒక వేసవిలో టెస్టింగ్ టీమ్ నుంచి వరసగా ముగ్గురు మానేశారు. ఈసారి చెప్పడానికి ఎవరికీ తెలిసినవాళ్ళు మిగల్లేదు. అప్పుడు జాబ్ సైట్‌లో ప్రకటన పెట్టాను.

మర్నాటికి దరఖాస్తులు వచ్చిపడ్డాయి. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగానికి హోటల్ మేనేజ్‌మెంట్ చదివినవాళ్ళు కూడా పెట్టేశారు. సరిపోయేవాళ్ళని ఏరుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. అందులో వికారాబాద్ వైపు అమ్మాయి ఒకతె ఉంది. తను వాడే బస్ టికెట్ల యాప్‌లో ఎక్కడెక్కడ ఏ తప్పు వస్తోందో, అది మళ్ళీ రావాలంటే ఏం నొక్కాలో చక్కగా రాసి దరఖాస్తుతో పాటు పెట్టింది. చదవగానే నచ్చింది. ఫోన్ చేస్తే కట్ చేసింది. సాయంత్రం చేసినా అంతే. ఉద్యోగం కావాలని దరఖాస్తు పెట్టి ఫోన్ ఎత్తకపోవడమేమిటని చిరాకేసింది. ఇంకొకరి నంబర్ చూస్తుంటే సైట్‌లోని చాట్‌లో మెసేజ్ వచ్చింది.

"మేడమ్, నాకు వినపడదు, మాటలు రావు. ఇక్కడ రాసి అడగండి, వెంటనే జవాబిస్తాను."

అడిగాను. నిజంగానే వెంటనే జవాబిచ్చింది. నేను ఒకటి రాసేలోపు తను రెండు రాసేది. నాన్నతో కలిసి చాలా వాక్-ఇన్ ఇంటర్వ్యూలకు వెళ్ళిందట. లోపలికి పిలిచాక అడిగేవన్నీ నాన్ననే అడిగి, కబురు చేస్తామని పంపేసేవారట. "సైట్‌లో అయితే ముందు నా పని చూస్తారు. నా సంగతి తర్వాత తెలుస్తుంది" అని రాసింది. ఆమె గురించి మా టీమ్‌లో ఎవరూ చెప్పి ఉండేవారు కాదు. ఆమె ఎవరికీ తెలిసే దారే లేదు.

మేనేజర్‌తో మాట్లాడి ఇంటర్వ్యూకి పిలిచాను. తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన కూరగాయల వ్యాపారి, తెల్ల చొక్కా ఇస్త్రీ మడతలతో ఉంది. కూర్చోకముందే మొదలుపెట్టారు.

"నమస్తే మేడమ్. మా బిడ్డకు ఇనవడది. మీరేం అడగాల్నో నన్ను అడుగుండ్రి, నేను చెప్త."

ఆ అమ్మాయి ఆయన ముఖం చూసి విషయం గ్రహించినట్టుంది. రాసినవి గోడమీది తెర మీద కనపడేలా మేం సిద్ధం చేసిన లాప్‌టాప్‌ని దగ్గరికి లాక్కుని టైపు చేసింది. తెర మీద పెద్దక్షరాలతో వచ్చింది: "మా నాన్నని బయట కూర్చోమనండి. నేనే చెప్పుకుంటాను."

ఆయన తెలుగు మెల్లగా చదువుతారు. చదివారు, కూతురి వైపు చూశారు, చేతిసంచీ తీసుకుని లేచారు. ఆమె ఆయన చేయి ఒకసారి పట్టుకుని వదిలింది.

మా మేనేజర్ ఊపిరి తీసుకోకుండా మాట్లాడే మనిషి. టైపు చేయాల్సివచ్చేసరికి ప్రశ్నలు పొట్టిగా, సూటిగా తయారయ్యాయి. చివరికి ఆయన అసలు సందేహం అడిగారు. మా టీమ్‌లో రోజూ కాల్స్ ఉంటాయి, ఎలా నెట్టుకొస్తారని. "కాల్‌లో ఏం అనుకున్నారో ఎవరో ఒకరు రాస్తే చాలు. రాయకపోతే అడుగుతాను. అడగడానికి నాకు మొహమాటం లేదు" అని జవాబిచ్చింది.

వాళ్ళు పని గురించి రాసుకుంటుంటే నేను బయటికి వచ్చాను. రిసెప్షన్ దగ్గర వాళ్ళ నాన్న కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. చాయ్ తెప్పించి పక్కన కూర్చున్నాను.

"బడిల, దవాఖానల, బ్యాంకుల, అంతటా దాని మాట నేనే మాట్లాడిన మేడమ్" అన్నారు. "ఇయ్యాల బయట కూసోమన్నది."

బాధ అనిపించిందా అండి అని అడిగాను.

"బాధ గాదు. గింత పెద్దగైందని నాకే తెల్వలే" అని చాయ్ తాగకుండా గ్లాసు చేతిలో తిప్పుతూ ఉండిపోయారు.

మేనేజర్ వెంటనే సరే అనలేదు. రెండు మూడు రోజులు నాన్చి, మరో ఇద్దర్ని చూసి, చివరికి ఆమెనే తీసుకుందామన్నారు. అందరికీ ఉన్న జీతం, అందరికీ ఉన్న ప్రొబేషనే.

మొదట్లో అంత సాఫీగా సాగలేదు. కాల్ అయ్యాక రాయడం మర్చిపోయేవారు. ఆమె మర్చిపోనిచ్చేది కాదు. టీమ్ గ్రూప్‌లో అందరి ముందే అడిగేది. కొందరికి అది నచ్చలేదు. ఆ తర్వాత రాత అలవాటైంది, కాల్‌కి రానివాళ్ళు కూడా అదే చదువుకోవడం మొదలుపెట్టారు. భోజనాల దగ్గర మాత్రం ఇప్పటికీ కష్టమే. అందరూ ఒకేసారి మాట్లాడతారు, నవ్వుతారు. పక్క సీటు అమ్మాయి ఫోన్‌లో టైపు చేసి చూపించేసరికి నవ్వు అయిపోతుంది. ఆమె అప్పుడు ఒక్కతే నవ్వుతుంది. ఈమధ్య ఆ పక్క సీటు అమ్మాయి సైగలు నేర్చుకుంటోంది.

తర్వాతి ప్రకటన పెట్టేటప్పుడు కింద ఒక వాక్యం చేర్చాను: ఫోన్‌లో మాట్లాడటం ఇబ్బందైతే చాట్‌లో రాయండి, అక్కడే మాట్లాడుకుందాం. చాలామందే రాశారు. ఒకబ్బాయికి నత్తి. ఒకావిడ పసిబిడ్డ నిద్రపోతోందని రాసింది. ఇంకొకరు ఇప్పుడు చేస్తున్న ఆఫీసులోనే కూర్చుని గుట్టుగా రాశారు. వాళ్ళందరికీ ఉద్యోగాలు ఇవ్వలేకపోయాం కానీ అందరితోనూ మాట్లాడాం.

ఆ అమ్మాయి ఇప్పుడు గచ్చిబౌలిలో హాస్టల్‌లో ఉంటోంది. మొన్న వాళ్ళ నాన్న నాకు ఫోన్ చేశారు. బిడ్డ మంచిగ తింటున్నదా అని అడిగారు. మీరే మెసేజ్ పెట్టి అడగొచ్చుగా అన్నాను.

"పెట్టిన మేడమ్. బిజీ ఉన్న, తర్వాత చెప్త అన్నది" అన్నారు. ఆయన గొంతులో సంతోషం దాగలేదు. ఆ తర్వాత టమాట ధర గురించి కాసేపు చెప్పి ఫోన్ పెట్టేశారు.